ఉద్యోగం, ఇల్లు, వ్యాయామం నడుమ జియు-జిట్సు సాధన నిలబెట్టుకోవడం ఎలా?

బ్రెజిలియన్ జియు-జిట్సును, అంటే నేల మీద పట్లతో తలపడే కుస్తీ లాంటి విద్యను, కొత్తగా మొదలుపెట్టిన వారంతా వారానికి ఎన్ని రోజులు రావాలని అడుగుతారు. నాలుగు నెలలు గడిచాక వారి ప్రశ్నలు వేరుగా ఉంటాయి. మోకాలు పట్టేసింది, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడింది, జిమ్‌కు కట్టిన డబ్బు వృథా అవుతోంది, ఆదివారం కూడా మనిషి ఇంటిపట్టున ఉండడం లేదని ఇంట్లో అంటున్నారు, వీటన్నిటినీ ఎలా సర్దుకోవాలి అని అడుగుతారు. ఏడేళ్లుగా హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ ఈ సాధన సాగిస్తున్నాను. మ్యాట్ పక్కన కూర్చుని ఇదే ప్రశ్నకు ఎన్నోసార్లు ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పాను కాబట్టి, ఇప్పుడు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఇది సరదా కోసం, ఆరోగ్యం కోసం నేర్చుకునే వారికి ఉద్దేశించినది. టోర్నమెంట్లకు సిద్ధమయ్యే వారి అవసరాలు వేరు. నలభై దాటిన వారు, బీపీ, షుగర్, గుండె జబ్బు, వెన్నుపూస సమస్య ఉన్నవారు మొదలుపెట్టకముందే డాక్టరును కలవాలి.

కావలసినవి

రెండు గీలు (సాధనలో వేసుకునే మందపాటి నూలు కోటు, ప్యాంటు) ఉండాలి. వానాకాలంలో ఒక్క గీతో నెట్టుకురావడం సాధ్యం కాదు, ఎందుకో ఏడో అడుగులో వివరిస్తాను. రెండు ర్యాష్‌గార్డులు (ఒంటికి అతుక్కునే బనియన్లు), జేబులూ జిప్పులూ లేని షార్ట్స్, మౌత్‌గార్డ్, వేళ్లకు చుట్టే టేప్, గోళ్ల కత్తెర, మ్యాట్ దిగగానే వేసుకోవడానికి చెప్పులు, నగలు దాచుకోవడానికి చిన్న జిప్ పౌచ్, ఇంట్లో బరువు చూసుకునే మిషన్, ఒక నోటు పుస్తకం కూడా కావాలి. ఖరీదైన గీ అవసరం లేదు. ఒక మంచి గీకి పెట్టే డబ్బుతో రెండు మామూలు గీలు వస్తే రెండే కొనుక్కోండి.

అడుగు 1: నెలకు ఎన్ని క్లాసులో ముందుగా తేల్చుకోండి

ఖాళీగా ఉన్న వారాన్ని చూసి లెక్క వేసుకోవడం చాలామంది చేసే మొదటి పొరపాటు. గడిచిన మూడు నెలల క్యాలెండర్ తెరిచి, వాటిలో అన్నిటికంటే ఇబ్బందిగా నడిచిన నెలను తీసుకోండి. ఆ నెలలో ఎన్ని ఉదయాలు లేదా సాయంత్రాలు నిజంగా మీ చేతిలో ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఆ సంఖ్యనే పునాదిగా పెట్టుకోవాలి. నాతో సాధన చేసే ఉద్యోగుల్లో ఎక్కువమందికి అది ఎనిమిది దగ్గర తేలింది. నెలకు 8 క్లాసులు ఆగకుండా వస్తే ఏడాదికి 96 అవుతాయి. వారానికి ఐదు చొప్పున రెండు నెలలు వచ్చి, ఆ తరువాత గాయంతోనో విసుగుతోనో మానేసిన వారికి ఏడాది చివర మిగిలేది నలభై చిల్లర క్లాసులు మాత్రమే.

వారానికి ఇన్ని అని ఎందుకు పెట్టుకోవద్దంటున్నానో చెప్పాలి. వారం లెక్క పెట్టుకున్న మనిషికి ఒక వారం తప్పగానే అది బాకీలా అనిపిస్తుంది, దాన్ని తీర్చడానికి మరుసటి వారం వరుసగా నాలుగు రోజులు వస్తాడు. నేను రెండో ఏడాదిలో సరిగ్గా ఇదే చేశాను. ఆఫీసు పనితో పది రోజులు పోయాయని వరుసగా మూడు సాయంత్రాలు వెళ్లాను. మూడో రోజు ముందటి రాత్రి ఐదు గంటలే నిద్రపోయాను. ఆ రోజు చివరి రౌండులో హాఫ్ గార్డ్‌లో, అంటే ఎదుటివారి కాళ్ల మధ్య, నా కాలు ఇరుక్కుని ఉండగానే ఒళ్లు తిప్పాను. మోకాలి లోపలివైపు లిగమెంటు సాగింది, పది వారాలు మ్యాట్‌కు దూరమయ్యాను. నెల లెక్కలో అయితే ఈ వారం ఒక్కటే వచ్చి, పై వారం మూడు వచ్చినా ఇబ్బంది ఉండదు. అయితే ఆ మూడూ వరుస రోజుల్లో పడకూడదు.

బెల్టు (స్థాయిని చూపే రంగు నడికట్టు) కోసం తొందరపడడం వల్ల కూడా ఈ లెక్క తప్పుతుంది. అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ నియమాల ప్రకారం పెద్దలు సాధారణంగా బ్లూ బెల్టు మీద కనీసం 2 ఏళ్లు, పర్పుల్ మీద ఏడాదిన్నర, బ్రౌన్ మీద ఏడాది గడపాలి. వాస్తవంలో ఇంకా ఎక్కువ కాలమే పడుతుంది. ఇన్నేళ్లు సాగవలసిన సాధన కనుక మొదటి ఆరు నెలల వేగాన్ని బట్టి ఏదీ తేలదు.

సరిచూసుకోవడం: మీరు రాసుకున్న సంఖ్యను చూస్తే కొంచెం తక్కువేమో అనిపించాలి. చూడగానే ఉత్సాహం కలిగిందంటే అది ఎక్కువైనట్టే, ఇందులోంచి రెండు తగ్గించండి.

అడుగు 2: అకాడమీని మీరు రోజూ తిరిగే దారిలో వెతకండి

పేరున్న కోచ్ కోసం ఊరికి అవతలివైపు వెళ్లడం ఒక నెల బాగానే ఉంటుంది. జులై సాయంత్రం వాన పడి సైబర్ టవర్స్ చుట్టుపక్కల బళ్లు కదలనప్పుడు ఆ కోచ్ ఎంత మంచివాడైనా మీరు ఇంటికే తిరుగుతారు. ఇల్లు ఉప్పల్‌లో, ఆఫీసు రాయదుర్గంలో ఉన్నవారు నాగోల్–రాయదుర్గం మెట్రో మార్గంలో ఏదైనా స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే అకాడమీని చూసుకోవడం మేలు. సొంత బండి మీద వెళ్లే వారు ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లే దారి మీద, ఇంటికి దగ్గరగా ఉండే దాన్ని ఎంచుకోవాలి.

చేరే ముందు తరగతి జరిగే వేళకే, పనిరోజునే ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం పదకొండు గంటలకు వెళ్లి ఇరవై నిమిషాల్లో వచ్చేశామనుకోవడం వల్ల ఏమీ తెలియదు. అక్కడ కూర్చుని గమనించవలసినవి ఇవి: బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య మ్యాట్ తుడుస్తున్నారా, మొదటి రోజు వచ్చిన వారిని నేరుగా స్పారింగ్‌లోకి (ఎదుటివారితో నిజంగా తలపడడంలోకి) దించుతున్నారా, పాత విద్యార్థులు ట్యాప్ చేయడానికి (ఇక చాలని చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవడానికి) మొహమాటపడుతున్నారా, ఎవరైనా ట్యాప్ చేయగానే ఎదుటివారు వెంటనే వదులుతున్నారా. చివరిది సరిగా లేకపోతే ఇంకేమీ చూడనక్కరలేదు, వేరే చోటు వెతుక్కోండి. మహిళలు తమతో సాధన చేయడానికి మరికొందరు మహిళలు క్రమంగా వస్తున్నారా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి.

హెచ్చరిక: తగ్గింపు ఇస్తున్నారని ఏడాది ఫీజు ఒకేసారి కట్టవద్దు. మొదటి మూడు నెలలు నెలనెలా కట్టండి.

ప్రత్యామ్నాయం: అమెరికా క్లయింట్లతో రాత్రి కాల్స్ ఉండేవారికి సాయంత్రం బ్యాచ్ కుదరదు. ఉదయం బ్యాచ్ ఉన్న చోటును వెతకండి. అయితే రాత్రి పదకొండున్నరకు కాల్ ముగిసి, పన్నెండు దాటాక నిద్రపోయి, ఐదున్నరకు లేచి వెళ్లడం సాధన కిందికి రాదు. అలాంటి వారు కాల్స్ లేని శని, ఆదివారాలు రెండూ, కాల్ త్వరగా ముగిసే ఒక రోజూ చూసుకోవాలి.

అడుగు 3: ఇంట్లో మాట్లాడి రోజులు ఖాయం చేసుకోండి

‘వీలున్నప్పుడు వెళ్తాను’ అన్న మాట ఇంట్లో వారిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే ఏ రోజు మీరు ఉంటారో, ఏ రోజు వంట ఎంతమందికి చేయాలో, పిల్లల్ని ట్యూషన్ నుంచి ఎవరు తేవాలో వారికి తెలియదు. మంగళవారం సాయంత్రం, శనివారం ఉదయం అని రోజులు చెప్పండి. దానికి బదులుగా ఒక రోజు పూర్తిగా ఇంటికి ఇవ్వండి, ఆ రోజు అకాడమీలో ఓపెన్ మ్యాట్ (పాఠం లేకుండా ఎవరికి వారు సాధన చేసుకునే వేళ) ఉన్నా వెళ్లవద్దు. మీ భార్య లేదా భర్తకు కూడా వారంలో రెండు పూటలు తమ సొంత పనికి వదిలే ఏర్పాటు చేయండి. ఆ ఏర్పాటు లేని ఇళ్లలో సాధన ఏడాది దాటి సాగడం నేను చూడలేదు.

‘మెడ పిసికే ఆటేమిట్రా’ అని అమ్మ భయపడితే వాదించవద్దు, ఒకసారి క్లాసుకు తీసుకువెళ్లి కూర్చోబెట్టండి. ట్యాప్ చేయగానే ఎదుటివారు వదలడం, మరుక్షణం చేతులు కలిపి మళ్లీ మొదలుపెట్టడం కళ్లారా చూస్తే భయం చాలావరకు తగ్గుతుంది.

అడుగు 4: వారాన్ని కాగితం మీద పెట్టండి

జియు-జిట్సు మొదలుపెట్టాక జిమ్ మానేయాలా అని చాలామంది అడుగుతారు. మానవద్దు, కానీ జిమ్‌ను సగానికి తగ్గించండి. వారానికి నలభై నిమిషాల చొప్పున రెండు సార్లు బరువులు ఎత్తితే, క్లాసుల్లో కీళ్ల మీద పడే ఒత్తిడిని తట్టుకునే బలం వస్తుంది. ఛాతీకి ఒక రోజు, చేతులకు ఒక రోజు అని ఆరు రోజుల పద్ధతి పాటించేవారు దాన్ని వదిలిపెట్టాలి. దానితో పాటు క్లాసులు కూడా వెళితే మూడో వారానికే భుజాలు మొరాయిస్తాయి.

మంగళ, శని క్లాసులు పెట్టుకున్న వారికి వారం ఇలా ఉండవచ్చు:

సోమవారం: పైశరీరానికి బరువులు. పుల్-అప్ లేదా రోయింగ్, పుష్-అప్ లేదా బెంచ్ ప్రెస్, చివర ప్లాంక్.
మంగళవారం: క్లాసు.
బుధవారం: ఏమీ లేదు.
గురువారం: కాళ్లకు, నడుముకు బరువులు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బరువు చేత్తో పట్టుకుని నడవడం.
శుక్రవారం: నలభై నిమిషాల నడక.
శనివారం: క్లాసు.
ఆదివారం: ఇల్లు.

ప్రతి వ్యాయామం మూడు సెట్లు, సెట్టుకు ఐదు నుంచి ఎనిమిది సార్లు చేయండి. ఇంకో రెండు సార్లు ఎత్తగలిగే ఓపిక ఉండగానే సెట్టు ఆపాలి. మూడు సెట్లలోనూ ఎనిమిది వచ్చిన రోజున, మరుసటిసారి రెండున్నర కిలోలు పెంచండి. క్లాసుకు ముందు రోజు డెడ్‌లిఫ్ట్ పెట్టుకోవద్దు. నడుము బిగుసుకుని ఉన్నప్పుడు ఎవరైనా మీ కాళ్లను తలవైపు మడిచి ఒత్తితే కండరం పట్టేస్తుంది.

నడక విషయంలో చాలామంది తప్పు చేస్తారు. క్లాసులో ఆయాసం వస్తోందని మిగిలిన రోజుల్లో బర్పీలు, స్ప్రింట్లు చేస్తారు. క్లాసుల్లోనే గుండెకు కావలసినంత తీవ్రత దొరుకుతుంది. మిగిలిన రోజుల్లో నెమ్మదైన, నిడివిగల పని కావాలి. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న నడకదారి, కొండాపూర్ బొటానికల్ గార్డెన్, నెక్లెస్ రోడ్డు దీనికి చక్కగా సరిపోతాయి. పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత వేగంతో నడవాలి. కొత్తవారికి క్లాసులో వచ్చే ఆయాసంలో పెద్ద భాగం ఊపిరి బిగపట్టడం వల్ల వచ్చేది. కింద పడ్డప్పుడు ముక్కుతో ఊపిరి వదులుతున్నారో లేదో గమనించుకోండి.

ప్రత్యామ్నాయం: జిమ్‌కు వెళ్లే సమయం లేకపోతే ఇంట్లో ఒక కెటిల్‌బెల్, తలుపు చట్రానికి గట్టిగా బిగించిన పుల్-అప్ బార్ చాలు. ఇప్పటికే బరువులు అలవాటున్నవారు 16 కిలోలది, అలవాటు లేనివారు 8 లేదా 12 కిలోలది తీసుకోండి.

అడుగు 5: మ్యాట్ మీద మరుసటి రోజును గుర్తుంచుకోండి

మ్యాట్ ఎక్కే ముందు ఒంటి మీద ఉన్నవన్నీ తీసి పౌచ్‌లో పెట్టండి. ఉంగరం, వాచీ అందరికీ గుర్తుంటాయి, మొలతాడు చాలామందికి గుర్తుండదు. గీ నడుము దగ్గర పట్టు కోసం వెతికే చేతి వేళ్లు దానిలో చిక్కుకుంటే వేలికీ ప్రమాదమే, మీ నడుమూ కోసుకుపోతుంది. మణికట్టుకు కట్టుకున్న మొక్కు దారాలు, మెడలో గొలుసు, మంగళసూత్రం, చెవి పోగులు, ముక్కుపుడక, పట్టీలు, మెట్టెలు కూడా తీయవలసినవే. మెట్టెలు తీయడం ఇంట్లో పట్టింపుగా ఉంటే ముందే ఆ సంగతి మాట్లాడుకోండి. టేప్ చుట్టి లోపల ఉంచుకోవడం నేను సూచించను, కాలివేళ్లు మ్యాట్‌లో గుచ్చుకుని తిరిగినప్పుడు లోహం చర్మాన్ని చీలుస్తుంది.

ఐదు రౌండ్లు రోలింగ్ (స్పారింగ్‌కే మరో పేరు) ఉంటే మూడు నెమ్మదిగా, రెండు గట్టిగా చేయండి. నెమ్మదిగా చేయడమంటే ఒళ్లు వదిలేయడం అనుకోవద్దు. ఆ రోజు నేర్పిన కదలిక ఒక్కటి పెట్టుకుని, దాన్ని ప్రయత్నించే అవకాశం కోసమే రౌండంతా వెతకాలి. కొత్తవారు ప్రతి రౌండునూ ఫైనల్ మ్యాచ్‌లా ఆడతారు, ముంజేతులు రాయిలా బిగుసుకుని రెండో రౌండుకే పట్టు పోతుంది, ఆపైన మెడతో లాగడం మొదలుపెడతారు. మెడ నొప్పితో మరునాడు మానిటర్ ముందు కూర్చోలేకపోవడానికి అక్కడే బీజం పడుతుంది.

ట్యాప్ ఎప్పుడు చేయాలి? నొప్పి మొదలయ్యాక చేస్తే ఆలస్యమైనట్టే. చేయి తిన్నగా చాపబడి, మోచేతి పైన ఎదుటివారి తుంటి ఆనిందని తెలిసిన క్షణంలో ట్యాప్ చేయాలి. కాలి తాళాల (కాలి కీళ్లను మెలిపెట్టే పట్ల) విషయంలో ఇంకా ముందే చేయాలి. ముఖ్యంగా మడమను పట్టి మెలితిప్పే హీల్ హుక్‌లో నొప్పి తెలిసేసరికే మోకాలి లిగమెంటు దెబ్బతిని ఉండవచ్చు. ఐబీజేజేఎఫ్ వైట్ బెల్టులకు దాన్ని నిషేధించింది కూడా అందుకే. మీ అకాడమీలో కొత్తవారి మీద ఎవరైనా దాన్ని ప్రయోగిస్తుంటే కోచ్‌కు చెప్పండి. గొంతు పట్టులో చేతులు ఇరుక్కుంటే కాలితో మ్యాట్‌ను తట్టండి లేదా నోటితో ‘ట్యాప్’ అని గట్టిగా చెప్పండి. మెడకు ఇరువైపులా రక్తప్రసారం ఆగితే పది సెకన్లలోపే స్పృహ తప్పవచ్చు.

రౌండుకు ఎవరినైనా కాదనే హక్కు మీకుంది. మీకంటే ముప్ఫై కిలోలు ఎక్కువ ఉండి, ఇంకా అదుపు రాని కుర్రవాడు పిలిస్తే ‘ఈ రౌండు విశ్రాంతి తీసుకుంటాను తమ్ముడూ’ అని నవ్వుతూ చెప్పండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

సరిచూసుకోవడం: క్లాసు మరునాడు ఉదయం కీబోర్డు మీద వేళ్లు మామూలుగా ఆడాలి. వేళ్ల మధ్య కణుపులు ఉబ్బి, పిడికిలి పూర్తిగా మూయలేకపోతే ఎదుటివారి గీ కాలర్‌ను, చేతి అంచును మీరు వదలకుండా పట్టుకుంటున్నారన్నమాట. ఎదుటివారు పట్టు విడిపించుకునేటప్పుడు మీరే వదలడం అలవాటు చేసుకోండి. రెండు వారాలు నో-గీ (గీ లేకుండా చేసే) క్లాసులకు వెళ్లండి, ఉబ్బిన వేలిని పక్క వేలితో కలిపి టేప్ చుట్టండి.

అడుగు 6: తిండి, నీరు, నిద్ర

సాయంత్రం ఏడున్నరకు క్లాసు ఉంటే ఐదు గంటలకు రెండు ఇడ్లీలో, రెండు అరటిపళ్లో తినండి. మధ్యాహ్నం భోజనం తరువాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో సరిపెట్టుకుని వెళ్లినవారు మూడో రౌండుకు కళ్లు తిరిగి కూర్చోవడం తరచు చూస్తుంటాను. క్లాసు అయ్యాక రాత్రి పదింటికి బిర్యానీ తింటే కడుపు బరువుతో నిద్ర పట్టదు. పుల్కాలు లేదా జొన్నరొట్టె, పప్పు, రెండు గుడ్లు, చివర కొంచెం పెరుగన్నం సరిపోతాయి. బిర్యానీని శనివారం ఉదయం క్లాసు తరువాత మధ్యాహ్నానికి ఉంచుకోండి.

బరువులు ఎత్తుతూ, క్లాసులకు వెళ్లేవారు రోజుకు ప్రతి కిలో బరువుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ లక్ష్యంగా పెట్టుకోవచ్చు. 70 కిలోల మనిషికి అది 112 గ్రాములు. ఒక ఇడ్లీలో సుమారు 2 గ్రాములు, గుడ్డులో 6 గ్రాములు, 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 25 గ్రాముల పైన, 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18 గ్రాములు ఉంటాయి. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రి అన్నం కూర తినేవారు ఈ లెక్క వేసుకుంటే సగం కూడా అందడం లేదని తెలుస్తుంది. కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా ప్రొటీన్ పెంచవద్దు.

ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్లో, మందపాటి నూలు గీ వేసుకుని గంటన్నర దొర్లినప్పుడు ఎంత చెమట పోతుందో ఊహించుకోవడం కంటే కొలుచుకోవడం మంచిది. క్లాసుకు ముందు, తరువాత తడి బట్టలు లేకుండా బరువు చూసుకోండి. ముందు 72.4, తరువాత 71.2 కిలోలు ఉండి, మధ్యలో అర లీటరు నీళ్లు తాగి ఉంటే, పోయిన చెమట సుమారు 1.7 లీటర్లు. ఆ లోటును ఇంటికి వెళ్లాక రెండు మూడు గంటల్లో కొద్దికొద్దిగా ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, నీళ్లతో పూడ్చండి. బాగా నీరసంగా ఉంటే ఓఆర్ఎస్ కలుపుకోండి. లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలో ఒకేసారి పూర్తిగా కలపాలి, సగం పొడి సగం గ్లాసు అని అంచనాలు వేయవద్దు. బీపీ ఉన్నవారు ఉప్పు విషయంలో డాక్టరు మాట వినాలి.

నిద్ర ఏడు గంటలకు తగ్గితే ముందు రోలింగ్ తగ్గించండి. ఐదు గంటలలోపు నిద్ర అయితే క్లాసుకు వెళ్లి డ్రిల్స్ (ఒకే కదలికను పదేపదే చేయడం) వరకు చేసి, రోలింగ్ వేళకు పక్కన కూర్చోండి. అది కూడా ఒక క్లాసు కిందే లెక్క. సాయంత్రం క్లాసు రోజుల్లో ఐదు తరువాత కాఫీ, టీ మానేస్తే నిద్ర తొందరగా పడుతుంది.

అడుగు 7: గీ ఆరబెట్టడం, చర్మాన్ని కాపాడుకోవడం

గాయాల కంటే తామర వల్ల ఎక్కువ క్లాసులు పోతాయని నా లెక్కల పుస్తకం చెబుతోంది. ఇంటికి రాగానే గీని సంచిలోంచి తీసి వెంటనే నానబెట్టండి. రాత్రంతా సంచిలో ఉంచితే వాసన బట్టలోకి దిగి, తరువాత ఎంత ఉతికినా పోదు. చన్నీళ్లలో ఉతకండి, వేడినీళ్లకు నూలు గీ కుంచించుకుపోతుంది. బ్లీచింగ్ వాడితే దారాలు బలహీనపడి పట్టు లాగినప్పుడు చిరుగుతుంది. బెల్టును కూడా ఉతకండి. బెల్టు ఉతకకూడదన్న నమ్మకం మీ అకాడమీలో ఉన్నా సరే ఉతకండి.

వానాకాలంలో బాల్కనీ దండెం మీద వేసిన గీ రెండో రోజుకు కూడా ఆరదు. మా ఇంట్లో పాటించే పద్ధతి ఇది: మిషన్‌లో స్పిన్ రెండుసార్లు తిప్పి, లోపలి వైపు బయటకు తిప్పి, లావుపాటి హ్యాంగర్‌కు వేసి, కాలర్ ఫ్యాన్‌కు ఎదురుగా ఉండేలా గదిలో వేలాడదీస్తాము. గీలో అన్నిటికంటే ఆఖరున ఆరేవి కాలర్, చంకల దగ్గరి కుట్లు. పైపైన తాకితే పొడిగానే తగులుతుంది, అందుకే కాలర్‌ను రెండు వేళ్లతో గట్టిగా నొక్కి మణికట్టు లోపలివైపు ఆనించి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆ గీని మరునాటికి వాడవద్దు, రెండోది తీయండి.

క్లాసు అయిన అరగంటలోపు సబ్బుతో స్నానం చేయండి. అకాడమీలో వీలు లేకపోతే కనీసం ముఖం, మెడ, చేతులు కడుక్కుని పొడి బట్టలు వేసుకోండి. మ్యాట్ దిగి ఒట్టి కాళ్లతో బాత్రూముకు వెళ్లి మళ్లీ మ్యాట్ ఎక్కవద్దు.

గుండ్రంగా, అంచు ఎర్రగా ఉబ్బి, దురదపెట్టే మచ్చ కనిపిస్తే ఆ రోజు నుంచే క్లాసు ఆపి చర్మ వైద్యుణ్ణి కలవండి. ఇక్కడ నా అనుభవం చెప్పాలి. ముంజేతి మీద అలాంటి మచ్చ వస్తే వీధి చివరి మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చుకున్నాను. రెండు రోజుల్లో దురద పోయింది, ఎరుపు తగ్గింది. వారం తరువాత మచ్చ మూడింతలై, ఇంట్లో మరొకరికి కూడా అంటుకుంది. ఆ ట్యూబులో స్టెరాయిడ్ కలిసి ఉందని డాక్టరు చూపించారు. స్టెరాయిడ్ పైకి లక్షణాలను అణచి, లోపల శిలీంద్రాన్ని పెరగనిస్తుంది. ట్యూబు మీద ‘బీటామెథాసోన్’, ‘క్లోబెటాసోల్’ అన్న పేర్లు కనిపిస్తే డాక్టరు రాయకుండా పూయవద్దు. మచ్చ మాసిపోయాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు మందు కొనసాగించాలి.

అడుగు 8: నొప్పి వస్తే ఏం చేయాలి

కండరం పట్టి రెండు రోజుల్లో తగ్గే నొప్పికి ఆందోళన అక్కరలేదు. మోకాలిలో ‘టక్’ మని వినిపించి కొన్ని గంటల్లోనే వాచినా, మెడ నొప్పితో పాటు చేతిలోకి తిమ్మిరి దిగినా, తలకు దెబ్బ తగిలి వాంతి వచ్చినా, ఊపిరి తీసుకుంటే పక్కటెముకల్లో గుచ్చినట్టు ఉన్నా అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లండి. చెవి రుద్దుకుపోయి మెత్తగా ఉబ్బితే ఒకటి రెండు రోజుల్లో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి, ఆలస్యమైతే లోపలి రక్తం గట్టిపడి చెవి ఆకారం శాశ్వతంగా మారుతుంది. నొప్పి మాత్ర వేసుకుని క్లాసుకు వెళ్లడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

గాయం ఉన్నన్నాళ్లూ వీలైతే నెలకు నాలుగు సార్లయినా వెళ్లి మ్యాట్ పక్కన కూర్చుని చూడండి, రాసుకోండి. నా పది వారాల్లో ఈ పని చేయడం వల్ల తిరిగి మొదలుపెట్టినప్పుడు నేను పూర్తిగా వెనకబడలేదు.

అడుగు 9: పండుగలు, ప్రయాణాలు, రిలీజులు

ఆషాఢంలో బోనాల ఆదివారాలు, వినాయక నిమజ్జనం నాడు ట్యాంక్‌బండ్ చుట్టూ ఆగిపోయే రోడ్లు, సంక్రాంతికి ఊరు, పెళ్లిళ్ల కాలం, ఇవన్నీ ఏటా వచ్చేవే కనుక ఏడాది మొదట్లోనే క్యాలెండర్‌లో గీసి పెట్టుకోండి. ఆ వారాల్లో క్లాసులు ఉండవని ముందే ఒప్పుకుని, అదే నెలలోని మిగిలిన వారాల్లో ఎనిమిదిని సర్దండి. రంజాన్ ఉపవాసం ఉండేవారు ఇఫ్తార్ అయిన గంటన్నర తరువాతి బ్యాచ్ ఉంటే వెళ్లవచ్చు. లేదంటే ఆ నెల ఇఫ్తార్‌కు ముందు అరగంట తేలికపాటి డ్రిల్స్‌కే పరిమితం కావాలి.

ఊరికి వెళ్లినప్పుడు డాబా మీద చాప వేసుకుని ష్రింపింగ్ (పక్కకు తిరిగి తుంటిని వెనక్కి జరపడం), బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం), టెక్నికల్ స్టాండప్ (ఒక చేయి నేలకు ఆనించి లేవడం) ఒక్కొక్కటి అటు పది ఇటు పది చొప్పున మూడు విడతలు చేస్తే చాలు. పావుగంట పడుతుంది.

నెలకు మించి విరామం వస్తే మొదటి వారం డ్రిల్స్ మాత్రమే, రెండో వారం క్లాసుకు రెండు నెమ్మది రౌండ్లు, మూడో వారం నుంచి మామూలుగా చేయండి. ఎక్కువమంది తిరిగి వచ్చిన మొదటి రోజే అన్ని రౌండ్లూ ఆడి మళ్లీ గాయపడతారు.

అడుగు 10: నెలాఖరున పుస్తకం తెరవండి

ప్రతి క్లాసు తరువాత ఇంటికి వచ్చాక రెండు లైన్లు రాయండి: తేదీ, ఆ రోజు నేర్పిన కదలిక, ఎన్ని రౌండ్లు, ముందు రాత్రి ఎన్ని గంటల నిద్ర, ఎక్కడైనా నొప్పి ఉందా. వారానికి మూడు ఉదయాలు మంచం దిగకముందే నాడి చూసుకుని దాన్ని కూడా రాయండి. మామూలుగా 62 ఉండే నాడి మూడు నాలుగు రోజులు వరుసగా 70 దాటితే ఒంటికి అలసట తీరలేదని, లేదా జ్వరం రాబోతోందని అనుమానించి ఆ వారం రోలింగ్ మానేయండి.

నెలాఖరున నాలుగు సంగతులు చూడండి. అనుకున్న ఎనిమిదిలో కనీసం ఏడు వచ్చాయా? బరువులు నెల మొదట్లో ఎంత ఎత్తారో అంతకు తగ్గకుండా ఉన్నాయా? రెండు వారాలకు మించి ఒకేచోట నొప్పి రాసి ఉందా? ఇంట్లో వారిని ‘ఈ నెల ఎలా గడిచింది’ అని నేరుగా అడిగితే ఏమన్నారు? ఆఖరి ప్రశ్నకు జవాబును కూడా పుస్తకంలో వారు అన్న మాటల్లోనే రాయండి.

క్లాసులు ఐదుకు పడిపోతే లక్ష్యాన్ని ఆరుకు దించి రెండు నెలలు చూడండి. బరువులు తగ్గుతుంటే ముందు నిద్ర, తిండి లెక్క చూడండి, ఆ తరువాతే వ్యాయామం మార్చండి. నొప్పి ఒకేచోట నిలిచి ఉంటే ఎనిమిదో అడుగుకు వెళ్లండి. ఇంట్లో జవాబు బాగా లేకపోతే రోజులు మార్చి చూడండి. చాలాసార్లు రెండు క్లాసుల కంటే శనివారం ఉదయమే ఇబ్బందిగా ఉంటుంది.

నాలుగూ వరుసగా మూడు నెలలు సరిగ్గా ఉంటే అప్పుడు నెలకు ఒక క్లాసు గానీ, ఒక బరువుల రోజు గానీ పెంచవచ్చు. రెండూ ఒకే నెలలో పెంచవద్దు, ఎందుకంటే ఆ తరువాత భుజం పట్టేస్తే దేనివల్ల పట్టేసిందో పుస్తకం చూసినా తెలియదు.